రాజీ కాగితం మీద సంతకం పెట్టకుండానే ఎఫ్‌ఐఆర్ వచ్చింది

ఇవాళ పొద్దున ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మాది హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్. మేం క్రైస్తవులం. ఆదివారం సాయంత్రం అమ్మ హాల్లో పదిమంది కూర్చుని ప్రార్థన చేసుకుంటారు. మైకు లేదు, డప్పు లేదు. కొన్నాళ్లుగా సరిగ్గా ఆ గంటకే ఎవరో తలుపు బాదడం, బయట విడిచిన చెప్పులు మెట్ల కిందికి విసిరేయడం. చివరికి అసోసియేషన్ సెక్రటరీయే వచ్చి "ఈ మతమార్పిడి దుకాణం మీరు మూస్తారా, మమ్మల్ని మూయించమంటారా?" అని అమ్మ మొహం మీద అరిచాడు. అదంతా ఫోన్లో రికార్డయింది.

పిటిషన్ రాయడం తేలికే. అందులో "మత విద్వేషం" లాంటి పెద్ద మాటలు వద్దు. ఏ తారీఖు, ఎన్ని గంటలకు, ఎవరు, ఏ మాటన్నారు, అంతే. ప్రార్థనను కావాలని చెడగొడితే భారతీయ న్యాయ సంహిత 300వ సెక్షన్, ఏడాది దాకా జైలు. అదీ రాశా. "ఏ లాయర్ రాసిచ్చాడు మేడం?" అన్నాడు స్టేషన్ రైటర్. ఏ లాయరూ కాదు, నేనే!

ఎస్సై మాత్రం పిటిషన్ చదవనే లేదు. "మీరు ఎస్సీలా అమ్మా?" అన్నాడు. సర్టిఫికెట్‌లో బీసీ-సీ, అంటే క్రైస్తవంలోకి మారిన ఎస్సీల వర్గం, అని చెప్పా. "అంటే కన్వర్టెడ్. అట్రాసిటీ పడదు మరి." నేనడగని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసు మీద నాకు తీర్పు! క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా ఉండదనే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి మా ఇంట్లో చిన్నపిల్లలకీ తెలుసు. తలుపు బాదినవాడి మీద కేసుకి నా కులం దేనికి?

తర్వాత సెక్రటరీని పిలిపించారు. అతనికి కుర్చీ, టీ. మోకాళ్ల నొప్పులతో అమ్మ నిలబడే ఉంది. రాజీ కాగితం తయారైంది. అతని వంతు "ఇకపై గొడవ పడను", మా వంతు "ఇకపై ఇంట్లో ప్రార్థనలు పెట్టం". అమ్మ భయపడి పెన్ను తీసుకుంది కూడా. నేను ఆమె చేయి పట్టుకుని, "సార్, సొంత ఇంట్లో ప్రార్థన చేసుకోకూడదని ఏ చట్టంలో ఉందో ఈ కాగితం మీదే రాయండి, సంతకం పెడతాం" అన్నా. రాయలేదు.

మా చర్చి సంఘ పెద్దలకు ఫోన్ చేస్తే "క్షమించండమ్మా, ప్రార్థన చేద్దాం" అన్నారు. క్షమించడం మాకూ వచ్చు అయ్యగారూ, స్టేషన్‌కి తోడు రావడం మీరు నేర్చుకోవాలి. సాక్షిగా వచ్చింది కింది ఫ్లాట్ పంతులుగారి భార్య. ఆవిడకి సెక్రటరీతో పార్కింగ్ తగాదా ఉంది లెండి. ఏదైతేనేం, వచ్చింది.

స్టేషన్‌లో తీసుకోకపోతే వాదిస్తూ కూర్చోకండి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(4) కింద డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ నేరం ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ అందులో ఒక ముక్క రాయండి. మేం పంపాక అదే ఎస్సై "రండమ్మా" అని ఫోన్ చేశాడు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, జిరాక్సు డబ్బులంటే ఇవ్వకండి.

దర్యాప్తు ఎంతవరకొచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకి చెప్పాలని అదే సురక్షా సంహిత 193వ సెక్షన్‌లో ఉంది. ఆ తారీఖు ఫోన్లో అలారం పెట్టుకున్నా. అమ్మ ఈ ఆదివారం కూటానికి కుర్చీలు తుడుస్తోంది.