కుజుడి మీద కుక్కర్ ఎప్పుడు కూస్తుంది?

వేరే గ్రహం మీద మనుషుల్ని ఊహించి కథ రాయాలనుకునేవాళ్ళు ముందుగా వాళ్ళ పేర్లు, వేషాలు, రాజ్యాలు ఆలోచిస్తారు. గ్రహం చివర్లో వస్తుంది, రంగేసిన తెరలాగా. అది తలకిందుల పని. ముందు ఆ ఇంట్లో గాలి ఒత్తిడి ఎంతో, బరువు ఎంతో, ఆకాశంలో ఏం తిరుగుతున్నాయో తేల్చుకోవాలి. తిండి, పండగలు, పెళ్ళిళ్ళు వాటిలోంచే పుట్టుకొస్తాయి. ఉదాహరణకి, మూడు తరాలుగా కుజుడి మీద కాపురముంటున్న తెలుగువాళ్ళని అనుకుందాం. జనం మాత్రమే ఊహ, లెక్కలు నిజమైనవి.

ముందు ఇల్లు. బయట గాలి ఒత్తిడి మన సముద్రమట్టం దగ్గరున్నదాంట్లో ఒక శాతం కూడా ఉండదు, అందులోనూ 95 శాతం కార్బన్ డయాక్సైడే. రేడియేషన్ బాధ తప్పాలంటే ఇంటి మీద రెండు మూడు మీటర్ల మట్టి కప్పాలి. కాబట్టి కిటికీలు దాదాపు ఉండవు. ఇంటి లోపల మన సముద్రమట్టం దగ్గరుండే 101 కిలోపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే లెక్క) పెట్టుకోవచ్చు గానీ, బయటికెళ్ళే ప్రతిసారీ తక్కువ ఒత్తిడి సూట్‌లోకి మారడానికి గంటల తరబడి ఆక్సిజన్ పీల్చుతూ కూర్చోవాలి. అందుకే నాసా పరిశీలించిన అమరికల్లో ఒకటి 56 కిలోపాస్కల్స్ ఒత్తిడి, 34 శాతం ఆక్సిజన్. రోజూ బయట పనిచేసే జనానికి ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. మన కథలోనూ ఇదే అనుకుందాం.

ఈ ఒక్క అంకెతో వంటిల్లు మొత్తం మారిపోతుంది. 56 కిలోపాస్కల్స్ దగ్గర నీళ్ళు సుమారు 84 డిగ్రీలకే మరిగిపోతాయి. మంట ఎంత పెంచినా అంతకు మించి వేడెక్కవు. అంటే కందిపప్పు మామూలు గిన్నెలో గంటలు గంటలు ఉడకాలి, అయినా మెత్తబడుతుందన్న నమ్మకం లేదు. కుక్కర్ ఉందిగా అంటారు. అసలు పేచీ అక్కడే.

మన కుక్కర్ మీద పెట్టే వెయిట్ బరువుతోనే పనిచేస్తుంది. ఆవిరి దాన్ని పైకి తోయాలంటే బయటి గాలి కంటే సుమారు 100 కిలోపాస్కల్స్ ఎక్కువ ఒత్తిడి కావాలి. భూమి మీద రెండూ కలిపి 200, అంటే లోపల 120 డిగ్రీల వేడి. కుజుడి మీద గురుత్వం మన దాంట్లో 38 శాతమే. అదే వెయిట్ అక్కడ 38 కిలోపాస్కల్స్‌కే లేచి కూస్తుంది. 56కి 38 కలిపితే 94. లోపలి వేడి 98 డిగ్రీలు! కూత వినిపిస్తుంది, పప్పు మాత్రం పలుకుగానే ఉంటుంది. "మూడు కూతలు రాగానే దించెయ్" అని నాయనమ్మ చెప్పిన లెక్క అక్కడ చెల్లదు.

దీనికి రెండు దారులు. వెయిట్‌ని 2.6 రెట్లు బరువు చేస్తే మళ్ళీ 100 కిలోపాస్కల్స్ వస్తుంది, లోపల 113 డిగ్రీలు. పప్పుకి మనకంటే సుమారు ఒకటిన్నర రెట్ల సమయం పడుతుంది, అంతే. మన 120 డిగ్రీలే కావాలంటే వెయిట్ 3.8 రెట్లు ఉండాలి. కానీ అప్పుడు గిన్నె గోడకి లోపలా బయటా ఒత్తిడి తేడా 145 కిలోపాస్కల్స్‌కి పెరుగుతుంది. భూమి నుంచి తెచ్చుకున్న కుక్కర్‌కి ఆ బరువు పెట్టకూడదు. అక్కడ తయారైన మందపాటి కుక్కర్లకే పెట్టాలి, రబ్బరు కూడా గట్టిది కావాలి. కథలో ఇదంతా రాయక్కర్లేదు. నాయనమ్మ "ఇది భూమి వెయిట్, దీన్ని ముట్టుకోకు" అని విడిగా దాచిందని ఒక్క వాక్యం రాస్తే చాలు. చదివేవాళ్ళు ఆ ఇంట్లోకి వచ్చి కూర్చుంటారు.

కాఫీ సంగతి కూడా అంతే. ఫిల్టర్‌లో డికాక్షన్‌ని కిందికి లాగేది బరువే, కాబట్టి అక్కడ అది మన దగ్గరకంటే రెండున్నర రెట్లు నెమ్మదిగా దిగుతుంది. నీళ్ళు కూడా 84 డిగ్రీలే కాబట్టి డికాక్షన్ పల్చగా వస్తుంది. పొడి ఎక్కువ వేసి, రాత్రే పోసి పెట్టుకోవడం అక్కడి అలవాటవుతుంది.

పోపు పెట్టే పద్ధతీ మారుతుంది. అదే వేగంతో ఎగిరిన ఆవగింజ అక్కడ 2.6 రెట్లు ఎత్తుకి పోతుంది, నూనె చుక్కలు కూడా అంతే దూరం చిమ్ముతాయి. కాబట్టి మూతలేని పోపుగరిటె అక్కడ కనిపించదు. 34 శాతం ఆక్సిజన్‌లో నూలు బట్ట అంటుకుంటే మన దగ్గరకంటే చాలా వేగంగా కాలిపోతుంది. అందువల్ల మంట పొయ్యి ఉండదు, అన్నీ కరెంటువే. ఎండుమిర్చి ఘాటు మూసిన గాలిలో తిరుగుతూ పక్కిళ్ళకీ చేరుతుంది. బొగ్గు ఫిల్టర్లు మార్చే ఖర్చు అందరిదీ కాబట్టి ఊరంతా ఒకే వేళకి పోపు పెట్టుకోవడం, ఆ గంటలో ఫ్యాన్లు పెంచడం ఒక కట్టుబాటు అవుతుంది. దేవుడి దగ్గర దీపం, హారతి, అగరొత్తులు ఇళ్ళలో ఉండవు. ఊరికి ఒక గది, అందులో ఆక్సిజన్ తగ్గించి ఉంచుతారు. దీపం పెట్టాలంటే అక్కడికే వెళ్ళాలి.

గడప దగ్గర మాత్రం మన అలవాటు ఇంకా గట్టిపడుతుంది. 2008లో ఫీనిక్స్ నౌక కుజుడి మట్టిలో పెర్‌క్లోరేట్లు కనిపెట్టింది. ఆ లవణాలు థైరాయిడ్‌ని దెబ్బతీస్తాయి. మనం చెప్పులు గడప బయట విడిచినట్టే వాళ్ళు సూటునే బయట విడుస్తారు. దాని వీపు తలుపు ఇంటి గోడకి అతుక్కుంటుంది, మనిషి దాంట్లోంచి లోపలికి జారతాడు. మట్టి లోపలికి రాదు. వాకిట్లో పొడి ముగ్గు వెయ్యరు. బియ్యప్పిండి అక్కడ రెండున్నర రెట్లు ఎక్కువసేపు గాలిలో తేలి ఫిల్టర్లని పూడ్చేస్తుంది. తడిముగ్గే దిక్కు.

ఇక పంచాంగం. రోజు 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు, దీన్ని శాస్త్రవేత్తలు సోల్ అంటారు. ఏడాదికి 668 సోల్‌లు, మన లెక్కలో 687 రోజులు. "మా పిల్లకి ఎనిమిదేళ్ళు" అని అక్కడ ఎవరైనా అంటే ఆ పిల్ల మన పదిహేనేళ్ళ పిల్ల. 32వ ఏడు నిండకముందే షష్టిపూర్తి వచ్చేస్తుంది. 1985లో థామస్ గాంగలే అనే ఆయన 24 నెలల కుజ క్యాలెండర్ ఒకటి తయారుచేశారు. అందులో ప్రతి రాశికీ లాటిన్ పేరుతో ఒక నెల, సంస్కృతం పేరుతో ఒక నెల ఉన్నాయి. ధనుస్సు, మకరం, కుంభం ఇప్పటికే అక్కడున్నాయన్నమాట, మన రచయితలు వాడుకోవాలి.

తిథులు మాత్రం కుదరవు. కుజుడికి రెండు చందమామలు. ఫోబోస్ 7 గంటల 39 నిమిషాలకి ఒక చుట్టు తిరుగుతుంది, అదీ పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తుంది. మన పద్ధతిలో దాన్ని ముప్పై తిథులుగా విడగొడితే ఒక్కో తిథి పావుగంట! ఏకాదశి ఉపవాసం పదిహేను నిమిషాల్లో ముగుస్తుంది. పైగా నిండుగా కనిపించాల్సిన వేళ అది చాలాసార్లు కుజుడి నీడలోనే ఉంటుంది. రెండోది డీమోస్, చుక్కలా కనిపిస్తుంది, 30 గంటల చుట్టు. కాబట్టి అక్కడివాళ్ళు సౌరమానానికి మారక తప్పదు. సంక్రాంతి ఉంటుంది, ఉగాది తేదీ మాత్రం భూమి నుంచి అడిగి తెలుసుకోవాలి.

ఋతువులు కూడా సమానంగా ఉండవు. ఉత్తరార్ధగోళంలో వసంతం 194 సోల్‌లు, వేసవి 178, శరత్తు 142, శీతాకాలం 154. కక్ష్య కోలగా ఉండటమే కారణం. సూర్యుడికి దగ్గరైనప్పుడు, అంటే దక్షిణాన వసంతం, వేసవి నడిచేటప్పుడు, దుమ్ము తుఫాన్లు లేస్తాయి. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు, ఇళ్ళు ఎగిరిపోయినట్టు రాస్తారు. గాలి అంత పల్చన కాబట్టి గంటకి 100 కిలోమీటర్ల గాలి మనకి 13 కిలోమీటర్ల పిల్లగాలిలా తగులుతుంది. భయం తోపుకి కాదు, చీకటికి. 2018 తుఫానులో సౌరఫలకాలతో నడిచే ఆపర్చ్యూనిటీ బండి అలాగే మూగబోయింది. ఆ నెలల్లో కరెంటు పొదుపు, అలంకార దీపాలు బంద్, ఒకపూట చల్లటి చద్దన్నం.

పెళ్ళిలో అరుంధతిని చూపించడానికి అడ్డులేదు, సప్తర్షి మండలం అక్కడా ఇలాగే కనిపిస్తుంది. ధ్రువుడు మాత్రం కదులుతాడు. కుజుడి ఉత్తర ధ్రువం హంస మండలం వైపు తిరిగి ఉంటుంది. పురోహితుడు మంత్రం ధ్రువుడికే చదివి, వేలు హంస వైపు చూపిస్తాడా, లేక కదిలే ధ్రువుణ్ణే వెతుకుతాడా అన్నది ఒక ఇంట్లో మంచి తగువుకి సరిపోతుంది.

ముహూర్తాల్లో ఒక నిషేధం మాత్రం అందరూ ఒప్పుకుంటారు. భూమికి ఫోన్ మాట్లాడటం కుదరదు, మాట చేరడానికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అందుకని రికార్డు చేసి పంపుకుంటారు. కానీ సుమారు 26 నెలలకోసారి భూమి సూర్యుడి వెనక్కి వెళ్తుంది. ఆ రెండు వారాలు నాసా కూడా కుజుడి మీది నౌకలకి ఆదేశాలు పంపడం ఆపేస్తుంది. మన పంచాంగంలో శుక్రుడు సూర్యకాంతిలో మరుగైతే మూఢం అన్నట్టే, ఇది భూమూఢం. అది నడిచేటప్పుడు పెళ్ళిళ్ళు పెట్టుకోరు, ఎందుకంటే ఆ రెండు వారాల్లో భూమి మీదున్న మేనత్త పంపిన దీవెన చేరదు.