"ఒక్కసారైనా వస్తాడా?"

చాలా ఏళ్లకు చిన్ననాటి ఊళ్లో అడుగుపెట్టినవాడికి ఒక పరీక్ష తప్పదు. ఎవరో పెద్దాయన చెయ్యి పట్టుకుని, వదలకుండా, "నేనెవరో చెప్పు చూద్దాం" అంటాడు. మొహం తెలిసినట్టే ఉంటుంది. పేరు మాత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆ కాస్త సేపటి టెన్షన్ పడ్డవాళ్లకే తెలుసు. భాగవతం దశమ స్కంధంలో 65వ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఆ పట్టుకున్న చెయ్యే గుర్తొస్తుంది.

ద్వారకలో స్థిరపడ్డ బలరాముడు ఒకరోజు రథమెక్కి, తానూ తమ్ముడు కృష్ణుడూ పెరిగిన నందగోకులానికి బయల్దేరాడు. రాచకార్యం లేదు, యుద్ధం లేదు. 'సుహృద్దిదృక్షురుత్కంఠః' అంటాడు భాగవత కథ చెబుతున్న శుకుడు. తనవాళ్లను చూడాలన్న ఆరాటం, అంతే. తర్వాతి శ్లోకంలో గోపగోపికలకూ అదే మాట వాడాడు, కాకపోతే ముందు 'చిర' చేర్చి: 'చిరోత్కంఠైః'. ఆయనది ఆరాటమైతే వాళ్లది ఎన్నాళ్లుగానో మోస్తున్న ఆరాటం. ఊరు వదిలినవాడికి కొత్త చోటు, కొత్త పనులు దొరుకుతాయి. ఉండిపోయినవాళ్లకు వాడు లేని చోటు రోజూ కళ్లెదుటే ఉంటుంది.

నందయశోదలకు మొక్కగానే వాళ్లేం చేశారో చూడండి. "జగదీశ్వరా, తమ్ముడితో కలిసి మమ్మల్ని చిరకాలం కాపాడు" అన్నారు. అంటూనే ఒళ్లో కూర్చోబెట్టుకుని, కౌగిలించుకుని, కన్నీళ్లతో తడిపేశారు. ఎంత జగదీశ్వరుడైతేనేం, ఆ ఇంట్లో ఒడి ఒడే. పెళ్లాం పిల్లలున్న మనిషి, నాగలి ఆయుధంగా పట్టిన వీరుడు ఆ ఒళ్లో ఎలా ఇమిడాడో శుకుడు చెప్పలేదు. నాకైతే కాస్త నవ్వొస్తుంది, ఆ వెంటనే గొంతు పట్టేస్తుంది.

తర్వాతిది నాకు బాగా ఇష్టమైన శ్లోకం:

గోపవృద్ధాంశ్చ విధివద్యవిష్ఠైరభివందితః ।
యథావయో యథాసఖ్యం యథాసంబంధమాత్మనః ॥

పెద్దలకు తాను మొక్కాడు, చిన్నవాళ్లు తనకు మొక్కారు. వయసును బట్టి, స్నేహాన్ని బట్టి, చుట్టరికాన్ని బట్టి ఒక్కొక్కరినీ పలకరించాడు. ఈడువాళ్లతో 'హాస్యహస్తగ్రహాదిభిః', అంటే నవ్వుతూ, చేతులు కలుపుతూ. ద్వారకలో తన హోదా ఏమిటన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. వెళ్లేనాటికి ఎవరికి ఏమవుతాడో, వచ్చేనాటికీ అదే అయ్యాడు. మనం తడబడేది ఇక్కడే అనిపిస్తుంది. ఊరు మారిపోయిందని వాపోతూ తిరుగుతాం గానీ, ఎదురుపడ్డ మనిషికి మనం ఏమవుతామో చప్పున గుర్తురాదు.

ఆయన కాస్త సేదతీరి కూర్చోగానే అందరూ చుట్టూ చేరారు. "అందరూ కులాసాయేనా?" అన్నాక, అసలు ప్రశ్న వేశారు: 'కచ్చిత్స్మరథ నో రామ యూయం దారసుతాన్వితాః'. భార్యాబిడ్డలు వచ్చాక మేం గుర్తున్నామా? గోపికలు ఇంకా సూటిగా, నవ్వుతూనే, రాని కృష్ణుడి గురించి అడిగారు. తల్లిని చూడ్డానికి 'సకృదపి', ఒక్కసారైనా వస్తాడా అన్నారు. ఒకామెకు ఒళ్లు మండింది. "ఆయన ఊసెందుకు, వేరే మాట చెప్పండి. మనం లేకుండా ఆయనకు పొద్దు గడుస్తుంటే, ఆయన లేకుండా మనకూ గడుస్తుంది" అంది. ఇంతకంటే పెద్ద అలక నేను చదవలేదు.

నిజానికి కృష్ణుడు మాటిచ్చాడు. కంసవధ అయ్యాక మధురలో నందుణ్ణి సాగనంపుతూ, ఇక్కడి ఆప్తులకు సుఖం కూర్చి మిమ్మల్ని చూడ్డానికి వస్తాం అన్నాడు. "ఈ పనులు కాస్త ఓ కొలిక్కి రానీ, వస్తా" అని మనం ఫోన్‌లో చెప్పే మాటే. పనులు ఎప్పుడు ఓ కొలిక్కి వచ్చాయి గనక! దశమ స్కంధంలో ఆ ఊరికి తిరిగి వెళ్లినవాడు బలరాముడే. తమ్ముడి సందేశాలు చెప్పి వాళ్లను ఊరడించాడు. ఊరెళ్లినవాణ్ణి "ఎప్పుడొచ్చావు?" అని అడిగిన నోటితోనే "మళ్లీ ఎప్పుడు వెళ్తావు?" అంటారు కదా, దానికి ఆయన జవాబు చైత్రం, వైశాఖం, రెండు నెలలు.

ఆ రెండు నెలల్లో యమునతో పేచీ కూడా ఉంది. వారుణి అనే మద్యం మత్తులో రమ్మని పిలిచాడు, ఆమె రాలేదు. నాగలితో లాగాడు, ఆమె వేడుకున్నాక వదిలాడు. చిన్ననాటి నది పిలిస్తే పలకాలన్న ఆ మంకుపట్టు, దేవుడి కథలో ఉన్నా, నాకు బాగా తెలిసినదే.

చివరికి కృష్ణుడు నందయశోదలను కలిసింది గోకులంలో కాదు. సూర్యగ్రహణానికి అందరూ కురుక్షేత్రం చేరినప్పుడు. అన్నదమ్ములిద్దరూ తల్లిదండ్రులను కౌగిలించుకుని మొక్కారు. 'న కించనోచతుః' అంటాడు శుకుడు. గొంతు నిండా కన్నీళ్లు, ఒక్క మాటా పెగల్లేదు.