అడగమన్న శ్లోకం

ఆషాఢ పౌర్ణమి వచ్చిందంటే తెల్లవారకముందే ఫోన్ నిండా ‘గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః’ వచ్చి పడుతుంది. వ్యాసుడి పుట్టినరోజుగా చేసుకునే గురుపౌర్ణమి పండుగ ఇది. మన ఊళ్ళలో సాయిబాబా గుళ్ళ ముందు ఆ రోజు క్యూలు రోడ్డు దాకా వస్తాయి. ఈమధ్య ఆఫీసుల్లో కూడా పెద్ద సార్లకి శాలువాలు, బొకేలు ఇస్తున్నారు. మంచిదే. నాకు మాత్రం ఆ రోజు గీతలో ఇంకో శ్లోకం చదువుకోవాలనిపిస్తుంది. నాలుగో అధ్యాయంలో 34వది.

తద్విద్ధి ప్రణిపాతేన పరిప్రశ్నేన సేవయా ।
ఉపదేక్ష్యంతి తే జ్ఞానం జ్ఞానినస్తత్త్వదర్శినః ॥

నమస్కరించి, అడిగి, సేవ చేసి తెలుసుకో, తత్త్వాన్ని చూసిన జ్ఞానులు నీకు ఉపదేశిస్తారు అంటాడు కృష్ణుడు. వీటిలో మొదటిదీ చివరిదీ మనకి బాగానే వంటబట్టాయి. వంగి దండం పెడతాం, బ్యాగు మోస్తాం, కారు డోరు కూడా తీస్తాం. మధ్యలో ఉన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికే నోరు పెగలదు.

నిజానికి ఈ శ్లోకం ఉద్యోగాల గురించి చెప్పింది కాదు. ఇక్కడ ఏం అడగాలో శంకరులు భాష్యంలో రాశారు కూడా: బంధం ఎలా కలిగింది, మోక్షం ఎలా, విద్య ఏది, అవిద్య ఏది అని. రైస్ మిల్లుకి క్యాష్ క్రెడిట్, అంటే సరుకు మీద బ్యాంకు ఇచ్చే అప్పు, ఎంత ఇవ్వాలన్నది అందులో లేదు! అయినా నాకు ఈ శ్లోకం కాస్తో కూస్తో తలకెక్కింది ఒక బ్యాంకు బ్రాంచిలోనే. గోదావరి జిల్లాలో, ఎటు చూసినా మిల్లులే ఉన్న ఊళ్ళో, మా సీనియర్ మేనేజరు గారి దగ్గర.

ఆయన నోట శ్లోకాలు వినలేదు నేను. కొత్తగా చేరిన ఆఫీసరు చేతికి ఫైలిచ్చి, “చదివి, రెండు ప్రశ్నలు పట్టుకుని రావయ్యా” అనేవారు. నీ అభిప్రాయం ఏమిటని అప్పుడే అడిగేవారు కాదు. ప్రశ్నలు లేకుండా వెళ్తే ఫైలు మన వైపుకే తోసి, “అయితే ఇంకా చదవలేదన్నమాట” అని తన పనిలో పడిపోయేవారు. ఆ టెన్షన్‌కే సగం ఫైలు బుర్రకెక్కేది.

ఒకసారి ఒక మిల్లుకి స్టాక్ ఇన్‌స్పెక్షన్‌కి తీసుకెళ్ళారు. మిల్లు యజమాని కుర్చీలు వేయించాడు, కొబ్బరిబోండాలు కొట్టించాడు. గోడౌన్‌లో బస్తాలు పైకప్పు దాకా ఉన్నాయి. నేను వరుసలు లెక్కపెట్టాను. స్టాక్ స్టేట్‌మెంట్‌లో రాసిచ్చిన అంకెకి సరిపోయింది. సార్ కూడా చూసి సరే అన్నారు. తర్వాత తాపీగా గడిచిన నెలల కరెంటు బిల్లులు తెమ్మన్నారు. యజమాని మొహంలో రంగు మారింది. బిల్లుల మీద యూనిట్లు చూపిస్తూ, ఇంత కరెంటుకి వాళ్ళు చెప్పిన ధాన్యంలో సగం కూడా ఆడదని నాకు లెక్క వేసి చూపించారు. తిరిగి వస్తూ జీపులో ఒకటే మాట అన్నారు: “బస్తాలు ఎవరి దగ్గర్నుంచైనా తెచ్చి ఇవాళ పేర్చొచ్చు. పోయిన నెల మీటరు ఇవాళ తిప్పలేరు కదా.”

శ్లోకంలో జ్ఞానినః అని ఊరుకోకుండా తత్త్వదర్శినః అని కూడా ఎందుకన్నట్టు? శంకరులు దీనికి చెప్పిన సమాధానం నాకు చాలా ఇష్టం. జ్ఞానం ఉన్నవాళ్ళలో కూడా కొందరే ఉన్నదాన్ని ఉన్నట్టు చూస్తారు, మిగతావాళ్ళు చూడరు, అందుకే ఆ విశేషణం అంటారు. సర్క్యులర్లు తేదీలతో సహా అప్పజెప్పేవాళ్ళు మా బ్రాంచిలో ఇంకొందరు ఉండేవారు. కరెంటు బిల్లు అడగాలని తోచింది ఆయనకే.

ప్రశ్న సంగతికి వస్తాను. ఈ శ్లోకం ఉన్న అధ్యాయంలోనే, 30 శ్లోకాల వెనక, అర్జునుడు ఒక గట్టి ప్రశ్న వేశాడు. ఈ యోగాన్ని నేను సూర్యుడికి చెప్పాను అంటాడు కృష్ణుడు. నువ్వు పుట్టింది మొన్న, సూర్యుడు పుట్టింది ఎప్పుడో, మొదట నువ్వే చెప్పావంటే నేనెలా అర్థం చేసుకోవాలి అని అర్జునుడు మొహం మీదే అడిగేశాడు. అంతకుముందు మూడో అధ్యాయం మొదట్లోనూ అంతే. కలగాపులగంగా మాట్లాడి నా బుద్ధిని తికమక పెడుతున్నట్టున్నావు, ఏదో ఒకటి తేల్చి చెప్పు అన్నాడు. రెండో అధ్యాయంలో ‘నీ శిష్యుణ్ణి, శరణు అన్నవాణ్ణి’ అన్న నోటితోనే ఈ మాటలన్నీ! కృష్ణుడు ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడతావా అనలేదు. నాకూ నీకూ ఎన్నో జన్మలు గడిచాయి, నాకవన్నీ తెలుసు, నీకు తెలియవు అని నెమ్మదిగా మొదలుపెట్టాడు. ఇన్ని ప్రశ్నలు విన్నాకే కృష్ణుడు ‘పరిప్రశ్నేన’ అన్నాడు.

అందరు పైఅధికారులూ ఇలా వింటారని కాదు. తర్వాత నేను పనిచేసిన ఒకచోట మీటింగులో సందేహం అడిగితే చాలు, ఆ మనిషి వచ్చే నెల ఇంకో సీట్లో ఉండేవాడు. అలాంటి చోట ప్రణిపాతం, అంటే దండాలు పెట్టడం, బాగా పెరుగుతుంది. అలాంటి అధికారి రిటైరైన మర్నాడు ఎవరూ ఫోన్ కూడా చెయ్యరు.

సేవ గురించి నాకున్న అభిప్రాయం కూడా ఆ మిల్లుల ఊరి బ్రాంచిలోనే మారింది. మా సార్ టిఫిన్ క్యారియర్ ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. చిన్నవాళ్ళ పనిలో తప్పొస్తే పైనుంచి వచ్చే ఫోన్లకి తనే జవాబు చెప్పుకునేవారు. ఆ మాటకొస్తే శ్రీహరికోటలో జరిగింది మనందరికీ తెలిసిందే. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం విఫలమై బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేఖరుల ముందు కూర్చుని ఆ వైఫల్యాన్ని నెత్తిన వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం కలాంనే మాట్లాడమని విలేఖరుల ముందుకు పంపారు. కలాం ఈ సంగతి ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. సేవ కిందనుంచి పైకే వెళ్ళాలని రూలేం లేదనిపిస్తుంది నాకు. రథం తోలింది కూడా గురువే కదా.

ఒక పచ్చళ్ళ వ్యాపారం చేసే ఆవిడ లోను ఫైలు వచ్చింది. సీజన్‌లో మామిడికాయ, నూనె, మిరపకాయ ఒకేసారి కొనుక్కోవాలని అడిగారు. సార్‌కి ఇవ్వాలని లేదు. ఏడాదిలో కొన్ని నెలలే జరిగే వ్యాపారం అని ఆయన సందేహం. నాకు ఇవ్వొచ్చనిపించింది, ఎందుకో చెప్పాను. అంతా విని, “నాకు తెలిసింది చెప్పాను. ఊరెళ్ళి చూసినవాడివి నువ్వు. బాగా ఆలోచించి, నీకు సరైందనిపించింది రాయి” అన్నారు. ఆవిడ అడిగినదాంట్లో సగానికి నేను సిఫారసు రాశాను. ఆయన తన సందేహం ఒక లైనులో రాసి, కింద సాంక్షన్ సంతకం పెట్టేశారు.

చాలా రోజుల తర్వాత 18వ అధ్యాయం పారాయణ చేస్తూ 63వ శ్లోకం దగ్గర ఆగిపోయాను. ‘విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు.’ ఇదంతా పూర్తిగా విచారించి, నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. విశ్వరూపం చూపించినవాడు కూడా నిర్ణయం శిష్యుడికే వదిలేశాడు.

అయితే కృష్ణుడు చెప్పేసి చేతులు దులుపుకోలేదు. 72వ శ్లోకంలో అర్జునుణ్ణి తనే ప్రశ్న అడుగుతాడు: పార్థా, ఏకాగ్రంగా విన్నావా? నీ అజ్ఞానం వల్ల వచ్చిన మోహం పోయిందా? ఇక్కడ కూడా శంకరుల మాట చూడాలి. శిష్యుడికి పట్టుబడలేదని తెలిస్తే ఇంకో ఉపాయంతో మళ్ళీ పట్టించాలన్నది ఆ ప్రశ్న వెనక ఉద్దేశమట. మరో ప్రయత్నం చేసైనా శిష్యుణ్ణి కృతార్థుణ్ణి చెయ్యాలి, అది ఆచార్యుడి ధర్మం అంటారు. మా సార్ ట్రాన్స్‌ఫర్ అయి వేరే జిల్లాకి వెళ్ళాక కూడా సాయంత్రం బ్రాంచి మూసే వేళకి ఫోన్ చేసేవారు. కుశల ప్రశ్నలు రెండు ముక్కల్లో తేల్చేసి, ఉన్న సరుకుని బట్టి ఎంత అప్పు వాడుకోవచ్చో తేల్చే లెక్క గురించి, “ఆరోజు చెప్పిన డ్రాయింగ్ పవర్ లెక్క తెలిసిందా? తెలియకపోతే చెప్పు, ఇంకోలా చెప్తాను” అనేవారు.