లాంగ్ రైడ్‌కి ముందు పాత బుల్లెట్: పాయింట్లు, ఆయిలు, బ్రీదర్

పాత బుల్లెట్ 350 రోడ్డు పక్కన ఆగి ఉంటే చూసినవాళ్లు అనేది ఒకటే మాట: "బండి పాతదైపోయింది." వయసు వల్ల ఆగేవి నిజానికి తక్కువ. అరిగిన పాయింట్ల (స్పార్కు కోసం కరెంటుని కలిపి తెంపే చిన్న స్విచ్చు) గ్యాపు, గట్టిపడిన బ్రీదర్ (ఇంజను లోపలి గాలిని బయటికి వదిలే పైపు) రబ్బరు, ఊడిపోయిన ఒక నట్టు, ట్యాంకు మూతలో మూసుకుపోయిన చిన్న రంధ్రం... ఎక్కువసార్లు కారణం ఇలాంటిదే. వీటన్నిటినీ ఇంటి ముందు ఒక సాయంత్రంలో చూసుకోవచ్చు. ఇంజను విప్పాల్సిన పని లేదు. ఊరెళ్లే ముందు ఇంజను విప్పకపోవడమే మంచిది కూడా.

ఇక్కడ చెబుతున్నది కాస్ట్ ఐరన్ బుల్లెట్ గురించి: 346 సీసీ, 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, పాయింట్ల ఇగ్నిషన్, కుడికాలి గేర్లు, ఫస్టు పైకి మిగతా మూడు కిందికి. పేరుకు ఐరన్ ఇంజనే గానీ ఇనుముది బ్యారెల్ మాత్రమే, హెడ్డు అల్యూమినియం. తర్వాత వచ్చిన యూసీఈ (ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే కేసులో ఉండే) ఇంజన్లకు ఇందులో సగం వర్తించదు. వాటికి పాయింట్లు లేవు, ట్యాపెట్లు (వాల్వులని కదిపే భాగాల గ్యాపు) సెట్ చేసే పనీ లేదు.

మొదలుపెట్టాల్సింది పాయింట్లతో. కుడివైపు టైమింగ్ కవరు పైన, సిలిండరు వెనక నల్ల టోపీ కింద ఉంటాయి. ప్లగ్గు విప్పేసి, టాప్ గేరులో వేసి వెనక చక్రం మెల్లగా తిప్పుతూ పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఆపాలి. అక్కడ గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. ఫీలర్ గేజి (సన్నని సందుల్ని కొలిచే రేకుల కట్ట) ఆకు మధ్యలో పెడితే కొద్దిగా పట్టుకుంటూ జారాలి. ఆకు పాయింట్లను తోస్తూ దూరితే గ్యాపు తక్కువ, వదులుగా ఊగితే ఎక్కువ. లాక్ స్క్రూ కొంచెం లూజు చేసి సరిచేశాక మళ్లీ బిగించి ఇంకోసారి కొలవండి. బిగించేటప్పుడు ప్లేటు జరగడం మామూలే.

గ్యాపు ఎప్పుడూ తగ్గే వైపే పోతుంది, ఎందుకంటే కామ్ మీద రాసుకునే ఫైబర్ మడమ అరుగుతుంది. గ్యాపు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, అంటే టైమింగ్ (స్పార్కు పడే సమయం) వెనక్కి పోతుంది. కిక్కు కొడితే బండి హాయిగానే స్టార్ట్ అవుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఘాట్ ఎక్కేటప్పుడు లాగదు, సైలెన్సరు బెండు నీలం రంగు తిరుగుతుంది, ఇంజను విపరీతంగా వేడెక్కుతుంది. అప్పుడు చాలామంది కార్బొరేటర్ విప్పుతారు. అనవసరం. ముందు గ్యాపు చూడాలి.

కొత్త పాయింట్లు వేస్తే మడమ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే ఎక్కువ అరుగుతుంది. అందుకే ప్రయాణానికి ముందు రోజు కొత్త సెట్టు వేయకూడదు. రెండు మూడు వారాల ముందే వేసి, ఊళ్లో తిప్పి, గ్యాపు మళ్లీ సరిచేసుకుని బయల్దేరాలి. కామ్‌కి రాసుకునే ఫెల్టు ముక్క మీద ఒకే ఒక్క చుక్క ఆయిల్ వేయండి. ఎక్కువైతే అది పాయింట్ల మీదికి చిమ్మి, కాలి, నల్ల పొర కడుతుంది. శుభ్రం చేయడానికి పాయింట్ ఫైలు లేదా సన్న ఎమరీ కాగితం, ఆ తర్వాత పెట్రోలులో ముంచిన అట్టముక్క రెండు మూడుసార్లు లాగితే చాలు.

గ్యాపు మారితే టైమింగూ మారుతుంది కాబట్టి రెండో పని అదే. పిస్టను కంప్రెషన్‌లో టీడీసీకి (పిస్టను అన్నిటికంటే పైకి చేరే చోటు) 0.8 మి.మీ. ముందు ఉన్నప్పుడు పాయింట్లు తెరుచుకోవడం మొదలవ్వాలి. ఇది ఆటో అడ్వాన్స్ (ఇంజను వేగం పెరిగేకొద్దీ టైమింగ్‌ని ముందుకు జరిపే ఏర్పాటు) బరువులు పూర్తిగా మూసుకుని ఉన్నప్పటి లెక్క. తెరుచుకున్న క్షణం తెలియడానికి పాయింట్ల టెర్మినల్‌కీ బాడీకీ మధ్య చిన్న 12 వోల్టుల బల్బు కట్టి తాళం ఆన్ చేయండి. పాయింట్లు మూసి ఉన్నంతసేపు ఆరి ఉంటుంది, తెరుచుకోగానే వెలుగుతుంది. బల్బు లేకపోతే హెడ్‌లైట్ డూమ్ మీది యాంపియర్ మీటరే ఆ పని చేస్తుంది: మూసి ఉంటే ముల్లు మైనస్ వైపు, తెరుచుకోగానే మధ్యకి. ప్లగ్గు రంధ్రం వాలుగా ఉంటుంది కాబట్టి అందులోంచి పెట్టిన పుల్లతో కొలత కచ్చితంగా రాదు. పుల్ల కదలికలో తేడాని గుర్తుపెట్టుకుని కొలవాలి. టైమింగ్ మరీ ముందుకు పోతే కిక్కరు తిరిగి కాలిని తన్నుతుంది. అలా ఒక్కసారి తన్నినా సరే, ఇంకో కిక్కు కొట్టకముందే టైమింగ్ చూడండి.

పాయింట్ల పక్కనే ఆటో అడ్వాన్స్ స్ప్రింగులూ బరువులూ ఉంటాయి. తుప్పుపట్టి బిగుసుకుంటే టైమింగ్ ఒకేచోట ఆగిపోతుంది. రోటరుని చేత్తో తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే శుభ్రం చేసి ఒక చుక్క ఆయిల్ వేయండి.

వేడెక్కాక బండి ఆగిపోవడమనేది అందరూ తికమకపడే ఫాల్టు. అరగంట, గంట నడిచాక చచ్చిపోతుంది, చల్లారితే మళ్లీ మామూలే. మూడు చోట్ల వెతకాలి. ముందు ట్యాంకు మూత తెరవండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడొచ్చి, మూత లూజుగా పెట్టి కొడితే స్టార్ట్ అయిందా, అయితే మూత రంధ్రం మూసుకుపోయినట్టే. గుండుసూదితో అయిపోయే పని. అది కాకపోతే పాయింట్ల టోపీ తీసి కిక్కు కొడుతూ చూడండి. పాయింట్ల మధ్య పెద్ద తెల్లటి మంట కనిపిస్తే కండెన్సర్ (పాయింట్ల మధ్య ఆ మంట రాకుండా ఆపేది) పోయింది. ఒక పాయింటు మీద గుంట, రెండోదాని మీద మొటిమ లేచి ఉంటే కూడా అదే గుర్తు. ఆ రెండూ బాగుండి ప్లగ్గు దగ్గర మాత్రం స్పార్కు పసుపుగా, నీరసంగా ఉంటే కాయిల్ (స్పార్కు కోసం వోల్టేజి పెంచేది) అనుమానం. కాయిల్ లోపలి తీగ వేడికి తెగి, చల్లారాక మళ్లీ అంటుకుంటుంది. దానికి రిపేరు లేదు, మార్చాల్సిందే. బండి ఆపాక తాళం ఆన్‌లో వదిలేసే అలవాటు కాయిల్‌ని చంపుతుంది: పాయింట్లు మూసి ఉన్న చోట ఇంజను ఆగితే కరెంటు అలా పారుతూనే ఉంటుంది, బ్యాటరీ కూడా దిగుతుంది.

ట్యాపెట్లు చల్లని ఇంజనులోనే చూడాలి, రాత్రంతా ఆగి ఉన్న బండి అయితే మరీ మంచిది. పిస్టన్ని కంప్రెషన్ టీడీసీకి తెచ్చి పక్కనున్న ట్యాపెట్ కవరు విప్పండి. రెండు పుష్‌రాడ్లూ రెండు వేళ్లతో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. కొలత పరంగా గ్యాపు సున్నా. శబ్దం రాకుండా ఉండాలని బిగించేస్తే వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, ఎగ్జాస్టు వాల్వు అంచు కాలుతుంది. చిన్న టిక్ టిక్ ఉంటే ఉండనివ్వండి. నిశ్శబ్దంగా ఉన్న ట్యాపెట్టే అనుమానించాల్సినది.

ఇక ఆయిల్. 20డబ్ల్యూ-50, ఇంజనుకి 2.25 లీటర్లు. మార్చేటప్పుడు లోపల కొంత మిగిలిపోతుంది గనుక రెండు లీటర్లు పోసి, కాసేపు నడిపి, డిప్‌స్టిక్ చూసి మిగతాది పోయాలి. వారాల తరబడి ఆగి ఉన్న బండిలో డిప్‌స్టిక్ చూసి "ఆయిల్ తగ్గింది" అని పోసేయడం పెద్ద తప్పు. ఈ ఇంజనులో ఆయిల్ ట్యాంకు క్రాంక్‌కేసులోనే ఒక గదిగా ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంకు ఉన్న గదిలోకి జారుతుంది. స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ ధారాళంగా వచ్చేది అందుకే. రెండు మూడు నిమిషాలు నడిస్తే రిటర్న్ పంపు దాన్ని వెనక్కి తోడేస్తుంది. అప్పుడు ఆపి లెవెల్ చూడండి. ముందే పోస్తే ఎక్కువైన ఆయిల్ బ్రీదరు గుండా వెనక టైరు మీదికి వస్తుంది.

ఆయిల్ హెడ్డుదాకా చేరుతోందో లేదో చూడటం సులువు. ఇంజను ఐడిల్‌లో ఉండగా రాకర్ పైపు (హెడ్డుకి ఆయిల్ తీసుకెళ్లేది) పైన ఉండే బ్యాంజో బోల్టుని పావు చుట్టు లూజు చేస్తే ఆయిల్ చిమ్మాలి. చిమ్మకపోతే బండిని అక్కడికక్కడే ఆపేయండి. చిమ్మితే బిగించేటప్పుడు బలం పెట్టొద్దు, రాగి వాషరు పాతదైతే మార్చండి.

బుల్లెట్టంటే ఆయిల్ కారాల్సిందే అనే మాట సగమే నిజం. ప్యాకింగులు మార్చినా మళ్లీ కారుతుంటే తప్పు ప్యాకింగుది కాకపోవచ్చు, బ్రీదర్‌ది కావచ్చు. పిస్టను దిగినప్పుడల్లా క్రాంక్‌కేసులో గాలి నొక్కుకుంటుంది. బ్రీదర్ పైపు చివరి రబ్బరు వాల్వు దాన్ని బయటికి వదిలి, లోపలికి రానివ్వకుండా ఆపాలి. ఆ రబ్బరు వేడికి గట్టిపడి పెదవులు అతుక్కుపోతే లోపలి ఒత్తిడికి ఆయిల్ ప్రతి సందులోంచీ దారి వెతుక్కుంటుంది: ట్యాపెట్ కవరు, ప్రైమరీ కవరు (ఇంజను నుంచి క్లచ్చుకి పోయే చైను ఉండేది), టైమింగ్ కవరు. పైపు నోట్లో పెట్టి ఊదితే తెలిసిపోతుంది, బయటికి గాలి పోవాలి, లోపలికి రాకూడదు. ఆ రబ్బరు ధర తక్కువే. ప్యాకింగ్ సెట్టు కొనే ముందు దీన్ని మార్చి చూడండి.

ప్రైమరీ కవరులో ఆయిల్ వేరు, సుమారు 420 మి.లీ. కార్లకు వాడే, రాపిడి తగ్గించే మందులు కలిపిన ఆయిల్ అందులో పోస్తే క్లచ్చు జారుతుంది. డూప్లెక్సు చైను మధ్యలో పైకీ కిందికీ కదలిక 6 మి.మీ. దాకా ఉంటే సరే. అంతకు మించితే కవరు లోపలికి తగిలి గరగరమంటుంది.

ఈ ఇంజను బిగ్ ఎండ్‌లో (కనెక్టింగ్ రాడ్డు క్రాంకుకి కలిసే చోట) రోలర్ బేరింగు ఉండదు, ఫ్లోటింగ్ బుష్ ఉంటుంది. నిరంతరం ఆయిల్ పొర ఉండాలి, మధ్యస్థ వేగాల్లో బాగా నడుస్తుంది. అందుకే హైవే మీద 70 నుంచి 80 కి.మీ. వేగం దాటకుండా పోతే ఏళ్ల తరబడి ఉంటుంది. 100 దగ్గర గంటల తరబడి తోలితే పోతుంది. ఎక్కుడు రోడ్డులో టాప్ గేరులోనే ఉంచి యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి గుద్దించడం కూడా అంతే చెడ్డది. తక్కువ తిరుగుడులో పెద్ద బరువు మోయించడమంటే బుష్ మీద సుత్తితో కొట్టినట్టు. ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కేటప్పుడు సెకండు, థర్డు గేర్లలో కాస్త తిరగనివ్వండి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. డ్రమ్ బ్రేకు పట్టుకునే ఉంటే వేడెక్కి పట్టు పోతుంది, లీవరు హ్యాండిల్‌కి తాకేదాకా వస్తుంది.

పెట్రోలు సంగతి ఈ మధ్య ముఖ్యమైంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. పాత రబ్బరు పైపు మెత్తబడి, లోపల పొరలుగా ఊడి కార్బొరేటర్‌లోకి పోతుంది. ఇథనాల్‌ని తట్టుకునే పైపు కొత్తది వేసి, పెట్రోల్ కాక్ లోపలి వాషర్లు మార్చి, ఒక చిన్న ఫిల్టరు పెడితే చాలావరకు సరిపోతుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల పెట్రోలు-గాలి మిక్స్చర్ పలచబడుతుంది: ప్లగ్గు తెల్లగా కాలుతుంది, యాక్సిలేటర్ మూస్తే సైలెన్సరులో టపటపమంటుంది. కార్బొరేటర్ నీడిల్ క్లిప్పుని ఒక గాడి కిందికి దింపితే నీడిల్ పైకి లేచి పెట్రోలు కొంచెం ఎక్కువ వస్తుంది. గాలి స్క్రూ పూర్తిగా లోపలికి తిప్పి ఒకటిన్నర చుట్టు బయటికి తీసి అక్కణ్నుంచి ఐడిల్ చూసుకోండి; లోపలికి తిప్పితే చిక్కన, బయటికి తిప్పితే పలచన. ఓపెన్ సైలెన్సరు పెట్టిన బండి ముందే పలచగా నడుస్తుంటుంది, దానికి ఈ పెట్రోలు తోడైతే పిస్టన్‌కి ప్రమాదం. నెలలు ఆపి ఉంచేటట్టయితే కాక్ మూసి ఫ్లోట్ బౌల్ ఖాళీ చేసేయండి.

వైబ్రేషన్‌కి ఊడేవి ప్రతి బండిలోనూ ఒకటే వరసలో ఉంటాయి: హెడ్డు స్టే (హెడ్డుని ఫ్రేముకి పట్టి ఉంచే పట్టీ) బోల్టు, సైలెన్సరు బ్రాకెట్, నంబరు ప్లేటు, హార్ను, బ్యాటరీ పెట్టె. హెడ్డు స్టే వదులైతే వైబ్రేషన్ రెట్టింపై మిగతావి దాని వెనకే ఊడతాయి, కనుక మొదట అది. వెనక చైను మధ్యలో 25 మి.మీ. దాకా ఆడాలి, అతి బిగువుగా ఉన్న చోట కొలవాలి. రెండు వైపులా నత్త ఆకారపు అడ్జస్టర్లు ఒకే గాడిలో ఉండాలి. చైను సరిచేశాక వెనక బ్రేకు రాడ్ కూడా సరిచేయాలి, మరిచిపోతే బ్రేకు రాదు, లేదా పట్టేసి డ్రమ్ము కాలుతుంది. టైర్లు 3.25-19. ఒంటరిగా వెళ్తే ముందు 20, వెనక 28 పీఎస్ఐ. వెనక మనిషి, సామాను ఉంటే వెనక 32.

వెంట ఉంచాల్సిన సంచిలో పాయింట్ల సెట్టు, కండెన్సర్, ప్లగ్గు, క్లచ్చు కేబుల్, యాక్సిలేటర్ కేబుల్, చైను లింకు, ట్యూబు, టైరు లీవర్లు, ఫ్యూజులు, బల్బు, అర మీటరు పెట్రోలు పైపు, ఫీలర్ గేజి, కట్టుతీగ ఉంటే చాలు. పాత కండెన్సర్‌నే స్పేరుగా వేసుకోవద్దు. క్లచ్చు కేబుల్ కొత్తది తీసుకుని పాతదాని పక్కనే ట్యాంకు కింద ముందే నడిపి కట్టి ఉంచితే, తెగినప్పుడు రెండు చివర్లు మార్చుకోవడమే పని.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవాళ్లకి ఇంకో లెక్క ఉంది. అడవి దారిలో మన్ననూరు దగ్గర గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. సాయంత్రం బయల్దేరి దారిలో కండెన్సర్ మార్చుకుంటూ కూర్చుంటే గేటు బయటే రాత్రి గడుస్తుంది, కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరండి. 14.5 లీటర్ల ట్యాంకు నింపుకుని వెళ్తే అడవిలో బంకు వెతుక్కునే పని ఉండదు.

కాగితాల విషయానికొస్తే, 15 ఏళ్లు దాటిన బండికి ఆర్సీ రెన్యూవల్ ఐదేళ్లకోసారి. ఫారం 25తో, గడువు ముగిసే ముందు 60 రోజుల లోపల దరఖాస్తు పెట్టొచ్చు. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన మోటార్ సైకిళ్లకు ఈ ఫీజు 2,000 రూపాయలు, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇన్‌స్పెక్షన్‌కి పోయే రోజున ఇండికేటర్లు, హార్ను, బ్రేకు లైటు వెలుగుతున్నాయో చూసుకోండి. పాత వైరింగులో బ్రేకు లైటు పనిచేయకపోతే బల్బు మార్చే ముందు బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్చు స్ప్రింగు చూడండి, తొంభై శాతం అక్కడే తుప్పు పట్టి ఊడి ఉంటుంది.