మైకేల్ షీన్, మా నాన్న, రెండు స్టీల్ టౌన్లు

మా నాన్న విశాఖ స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము కరిగించే పెద్ద కొలిమి) డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైర్ అయ్యారు, నేను పెరిగింది ఉక్కునగరం క్వార్టర్స్‌లో, అందుకే ప్రపంచంలో ఎక్కడైనా స్టీల్ టౌన్ అన్న మాట వినపడితే చాలు నా చెవి అటు పోతుంది. మైకేల్ షీన్ అనే వెల్ష్ యాక్టర్ గురించి రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నా, మన వాళ్ళలో ఆయన పేరు తెలిసినవాళ్ళు తక్కువే, మొహం చూపిస్తే మాత్రం "అరె ఈయనా, ట్విలైట్‌లో ఆ వాంపైర్ల పెద్ద కదా" అంటారు. అవును ఆయనే. కానీ నాకు ఆయన ముందు పోర్ట్ టాల్బట్ మనిషి, ఆ తర్వాతే మిగతావన్నీ.

పోర్ట్ టాల్బట్ అంటే బ్రిటన్‌లో వేల్స్ దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, మధ్యలో స్టీల్ వర్క్స్, ఊరి నెత్తి మీదుగా పిల్లర్ల మీద పోయే ఎం4 మోటార్‌వే. 1960ల్లో ఆ ప్లాంట్ ఒక్కదాంట్లోనే దాదాపు 18,000 మంది పనిచేసేవాళ్ళట, అంటే ఇంటికో మనిషి అక్కడే అన్నట్టు. అంత చిన్న ఊరు నుంచి రిచర్డ్ బర్టన్, ఆంథనీ హాప్కిన్స్ లాంటి పెద్ద నటులు, ఆ తర్వాత మైకేల్ షీన్ వచ్చారు. బర్టన్ ఆ పక్క పల్లెలో గని కార్మికుడి కొడుకు, హాప్కిన్స్ వాళ్ళ నాన్నది బేకరీ. షీన్ పుట్టింది న్యూపోర్ట్‌లో, 1969లో, కానీ చిన్నప్పుడే ఇంటివాళ్ళు పోర్ట్ టాల్బట్ వచ్చేశారు, పెరిగిందంతా అక్కడే. వాళ్ళ నాన్న తర్వాత రోజుల్లో జాక్ నికల్సన్ పోలికలతో లుక్‌అలైక్‌గా కూడా పనిచేశాడు, అంటే ఇంకొకరిలా కనపడటం అనేది ఆ ఇంట్లో ముందు నుంచే ఉందన్నమాట.

పన్నెండేళ్ళప్పుడు షీన్‌కి ఫుట్‌బాల్‌లో లండన్ పెద్ద క్లబ్ ఆర్సెనల్ యూత్ టీమ్ నుంచి పిలుపు వచ్చింది. ఆర్సెనల్! కానీ దానికి కుటుంబమంతా లండన్ వెళ్ళిపోవాలి, ఇంట్లో వాళ్ళు వద్దనుకున్నారు, అక్కడితో అది అయిపోయింది. ఆ తర్వాత వెస్ట్ గ్లామోర్గన్ యూత్ థియేటర్‌లో చేరాడు, అది గవర్నమెంట్ డబ్బుతో నడిచే పిల్లల నాటక బృందం, ఆ చుట్టుపక్కల మామూలు ఇళ్ళ పిల్లలకి నాటకం నేర్పింది అదే. అక్కడి నుంచి లండన్‌లో రాడా అనే నటన నేర్పే కాలేజీ, 1991లో చదువు పూర్తవకముందే వెనెస్సా రెడ్‌గ్రేవ్ అనే పెద్ద నటి పక్కన స్టేజ్ ఎక్కాడు. 1998లో లండన్ ఓల్డ్ విక్ థియేటర్‌లో అమేడియస్ నాటకంలో సంగీతకారుడు మొజార్ట్‌గా వేశాడు, ఆ నాటకమే మరుసటి ఏడు న్యూయార్క్‌లో బ్రాడ్‌వేకి వెళ్ళింది. అంటే సినిమా వాళ్ళు పట్టించుకునే ముందే ఈయనకి స్టేజ్ మీద పదేళ్ళ పని ఉంది, అది గుర్తుపెట్టుకుంటే తర్వాత చేసినవి బాగా అర్థమవుతాయి.

ఇక బ్రిటన్ మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్. ఒకే మనిషిగా మూడుసార్లు వేశాడు, మూడూ రాసింది పీటర్ మోర్గన్ అనే రచయితే. 2003లో టీవీకి ద డీల్, 2006లో ద క్వీన్, 2010లో ద స్పెషల్ రిలేషన్‌షిప్. నేను ఈ మూడూ వరసపెట్టి ఒక వీకెండ్‌లో చూశాను, అలాగే చూడమని మీకూ చెప్తాను, ఎందుకంటే విడివిడిగా చూస్తే "భలే దింపేశాడే" అనిపించి ఊరుకుంటాం, వరసగా చూస్తే ఒక మనిషికి అధికారం ఎలా పడుతుందో కనపడుతుంది. మొదటి దాంట్లో కొత్తగా పార్లమెంటుకి వచ్చిన కుర్ర ఎంపీ, ఎవరు చూస్తున్నారో లేదో అని కళ్ళు అటూ ఇటూ పోతుంటాయి. రెండో దాంట్లో ప్రధాని అయ్యి నాలుగు నెలలు, డయానా చనిపోయిన వారం, ఊరంతా రాణి మీద కోపంగా ఉంటే ఈయన మెల్లగా ఆవిడ వైపు తిరుగుతాడు, చివర్లో తన సొంత మనిషి ఆవిడని ఎగతాళి చేస్తే ఒక్కసారిగా విరుచుకుపడతాడు చూడండి, ఆ సీన్ నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మూడో దాంట్లో క్లింటన్ పక్కన నిలబడ్డప్పుడు అదే నవ్వు, కానీ ఇప్పుడా నవ్వు పైపైనే ఉంటుంది. ద క్వీన్‌లో రాణిగా వేసిన హెలెన్ మిరెన్‌కి ఆస్కార్ వచ్చింది, రావాల్సిందే. కానీ ఆవిడ ఎదురుగా కూర్చుని ఆవిడ రాణి అని మనల్ని నమ్మించింది షీనే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దగ్గర మిమిక్రీ అంటే ప్రాణం, నేరెళ్ళ వేణుమాధవ్ గారిని మనం ఎంత గౌరవించుకున్నామో తెలిసిందే, ఒక గొంతు నుంచి ఇంకో గొంతు దిగడం చిన్న విద్య కాదు. కానీ షీన్ చేసేది అది కాదు. బ్లెయిర్ గొంతు అచ్చు గుద్దినట్టు ఉండదు, మొహం పోలిక కూడా పెద్దగా లేదు. తను పట్టుకునేది ఆ మనిషికి ఏం కావాలి అన్నది, ఎదుటివాళ్ళు తనని ఎలా చూడాలని ఆ మనిషి ఆశపడుతున్నాడు అన్నది. అది దొరికాక గొంతు దానంతటదే వస్తుంది అనిపిస్తుంది నాకు. మహానటిలో కీర్తి సురేశ్‌ని చూసినప్పుడు కూడా నాకు ఇదే అనిపించింది, సావిత్రి గారి పోలికలు కొద్దిసేపట్లో మర్చిపోతాం, ఆవిడ బాధ మిగులుతుంది.

ఫ్రాస్ట్/నిక్సన్ గురించి రాయకపోతే నాకు నిద్రపట్టదు. 1977లో డేవిడ్ ఫ్రాస్ట్ అనే టీవీ యాంకర్, రాజీనామా చేసి ఇంట్లో కూర్చున్న అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్‌ని ఇంటర్వ్యూ చేశాడు, అది నిజంగా జరిగింది. దాన్నే పీటర్ మోర్గన్ నాటకంగా రాస్తే 2006లో లండన్‌లో డాన్మార్ వేర్‌హౌస్‌లో వేశారు, షీన్ ఫ్రాస్ట్, ఫ్రాంక్ లాంజెలా నిక్సన్, అక్కడి నుంచి బ్రాడ్‌వే, 2008లో డైరెక్టర్ రాన్ హోవర్డ్ అదే ఇద్దరితో సినిమా తీశాడు. ఐదు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, అందులో ఒకటి లాంజెలాకి, షీన్‌కి మాత్రం రాలేదు. నాకు ఇప్పటికీ బాధే. నిక్సన్‌కి పెద్ద పెద్ద మాటలున్నాయి, ఫ్రాస్ట్‌కి ఉన్నది వినడం. ఆ ఆఖరి ఇంటర్వ్యూలో నిక్సన్ మొహం కూలిపోతుంటే కెమెరా అటే ఉంటుంది, కానీ ఎదురుగా షీన్ ఎంత కదలకుండా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడో గమనించండి. ఎదుటి యాక్టర్ వెలగడం కోసం తను తగ్గడం అందరికీ చేతకాదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. అండర్‌వరల్డ్‌లో లైకన్ల (తోడేలు మనుషుల) నాయకుడు, ట్విలైట్‌లో ఏరో, ట్రాన్ లెగసీలో తెల్ల సూట్ వేసుకున్న క్లబ్ ఓనరు, ఇవన్నీ సరదాగా చేసినట్టే ఉంటాయి. టీవీలో మాస్టర్స్ ఆఫ్ సెక్స్ 2013 నుంచి 2016 దాకా నాలుగు సీజన్లు, అందులో ఈయన వేసిన డాక్టర్ మాస్టర్స్ మనసులో మాట ఒక్కటి కూడా బయటపెట్టని మనిషి, అంత మూసుకుపోయిన పాత్రని నాలుగేళ్ళు మోయడం మామూలు విషయం కాదు. తర్వాత డేవిడ్ టెనెంట్‌తో గుడ్ ఒమెన్స్‌లో దేవదూత, కోవిడ్ లాక్‌డౌన్‌లో మళ్ళీ ఆ ఇద్దరే ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని వీడియో కాల్స్‌లో స్టేజ్డ్ అనే సిరీస్ చేశారు, ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వు వినపడిందంటే దానివల్లే.

కానీ ఈయన కెరీర్‌లో అసలు మలుపు సినిమాలో రాలేదు, టీవీలోనూ రాలేదు. 2011 ఈస్టర్‌కి, గుడ్ ఫ్రైడే నుంచి ఆదివారం దాకా మూడు రోజులు, పోర్ట్ టాల్బట్ ఊరు ఊరంతా స్టేజ్ అయిపోయిన నాటకం ఒకటి వేశారు, ద ప్యాషన్. నేషనల్ థియేటర్ వేల్స్ వాళ్ళు చేయించింది, ఏసు కథనే ఇప్పటి పోర్ట్ టాల్బట్‌లో జరిగినట్టు మార్చి రాసింది. సముద్రం ఒడ్డున మొదలై, వీధుల్లో, షాపింగ్ సెంటర్లో, క్లబ్బులో, చివరికి బీచ్ దగ్గర రోడ్డు మధ్య రౌండ్‌అబౌట్ మీద శిలువ. ప్రొఫెషనల్ యాక్టర్లు కొద్దిమందే, మిగతా వెయ్యిమందికి పైగా ఊరివాళ్ళే. శిలువ మోసుకుంటూ షీన్ నడుస్తుంటే వెనక వేలమంది నడిచారు. నేను వీడియోలు చూశాను, మన ఊళ్ళలో జాతర రోజున దేవుడి వెనక జనం నడుస్తారు చూడండి, అచ్చం అలాగే, అందులో ఎవరు ప్రేక్షకుడు ఎవరు యాక్టర్ అన్నది చెప్పలేం.

ఆ నాటకం కోసం తిరుగుతున్నప్పుడు ఊళ్ళో వాళ్ళని దగ్గరగా చూశాడు, జబ్బు చేసిన అమ్మానాన్నల్ని చూసుకునే పిల్లలు, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులకి తోడుగా నిలబడే చిన్న చిన్న గ్రూపులు, డబ్బుల్లేక ఎప్పుడు మూతపడతాయో తెలియని సంస్థలు. తన జీవితం మారింది అక్కడే అని తనే చాలాసార్లు చెప్పాడు. అప్పటికి లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్న మనిషి, మెల్లగా వేల్స్‌కి తిరిగి వచ్చేశాడు. 2019లో కార్డిఫ్‌లో హోమ్‌లెస్ వరల్డ్ కప్ జరగాలి, ఇల్లు లేనివాళ్ళ కోసం ఫుట్‌బాల్ పోటీ, ఆఖర్లో డబ్బు రాలేదు, ఆగిపోయేలా ఉంది. అమెరికాలో ఒకటి బ్రిటన్‌లో ఒకటి ఉన్న తన ఇళ్ళు రెండూ అమ్మి పోటీ జరిపించాడు. ఆర్సెనల్‌కి వెళ్ళని ఆ పన్నెండేళ్ళ పిల్లాడు నాకు ఇక్కడ గుర్తొస్తాడు. 2021లో "ఇక నుంచి నేను నాట్ ఫర్ ప్రాఫిట్ యాక్టర్‌ని" అని చెప్పేశాడు, అంటే సంపాదించింది తిరిగి జనం పనులకే. 2025లో అయితే లక్ష పౌండ్లు సొంత డబ్బు పెట్టి సౌత్ వేల్స్‌లో 900 మంది అప్పులు, మొత్తం పది లక్షల పౌండ్లవి, కొనేసి రద్దు చేశాడు. పాత మొండి బాకీల్ని బ్యాంకులు తక్కువ రేటుకి వేరేవాళ్ళకి అమ్మేస్తాయి కదా, అదే దారిలో వెళ్ళి కొన్నాడు, వసూలు చేయడం మానేశాడు, అంతే.

2018 డిసెంబర్లో బ్యాంక్సీ, తనెవరో చెప్పకుండా గోడల మీద బొమ్మలు వేసే ఆర్టిస్ట్, పోర్ట్ టాల్బట్‌లో ఒక స్టీల్ వర్కర్ గరాజ్ గోడ మీద బొమ్మ వేశాడు. చిన్న పిల్లాడు నోరు తెరిచి మంచు అనుకుని పట్టుకుంటుంటాడు, గోడ మలుపు తిరిగి చూస్తే అది మంచు కాదు, మండుతున్న చెత్తలోంచి లేచే బూడిద. ఆ బొమ్మ పాడవకుండా కాపలాకి డబ్బులిచ్చింది షీనే. ఆ ఫోటో నాన్నకి చూపిస్తే చాలాసేపు చూశారు. షిఫ్ట్ నుంచి వచ్చాక అమ్మ ఆయన బట్టలు నానబెడితే బకెట్లో నీళ్ళు ఎలా అయ్యేవో మా ఇద్దరికీ తెలుసు.

పోర్ట్ టాల్బట్ ప్లాంట్ 2007 నుంచి టాటాల చేతిలో ఉంది. 2024 జనవరిలో రెండు బ్లాస్ట్ ఫర్నేసులూ మూసేస్తున్నామని ప్రకటించారు, ఫిబ్రవరిలో షీన్ డైరెక్ట్ చేసిన ద వే అనే బీబీసీ సీరియల్ వచ్చింది, ఆ ఊళ్ళో స్టీల్ వర్క్స్ గొడవతో మొదలయ్యే కథ. ముందే తీసిపెట్టుకున్న కథ, నిజం వెనకే వచ్చి కలిసింది. సీరియల్‌గా చూస్తే నాకు మొదటి ఎపిసోడ్ నచ్చినంత మిగతా రెండూ నచ్చలేదు, ఊరు వదిలి రోడ్డెక్కాక పట్టు జారింది. కానీ మొదటి ఎపిసోడ్‌లో ఆ వర్కర్ల మీటింగ్ చూస్తుంటే నాకు కూర్మన్నపాలెం జంక్షన్ టెంట్లు గుర్తొచ్చాయి, 1966లో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ప్లాంట్ మాది, ఆ మాట వింటూ పెరిగాం. 2024 సెప్టెంబర్ 30న పోర్ట్ టాల్బట్‌లో ఆఖరి ఫర్నేస్ ఆపేశారు. వీడియో చూస్తూ నాన్న అడిగారు, "దాని పేరేంట్రా?" అని. మా దగ్గర ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. పేరు లేదు నాన్నా, నాలుగో నంబర్ అన్నాను. ఇంకేం మాట్లాడలేదు ఆయన.

అదే ఏడు షీన్ లండన్ నేషనల్ థియేటర్‌లో నై అనే నాటకంలో అనైరిన్ బెవన్‌గా వేశాడు. ట్రెడిగర్‌లో గని కార్మికుడి కొడుకు, తనూ గనిలో పనిచేసి మంత్రి అయినవాడు, 1948లో బ్రిటన్‌లో అందరికీ ఉచిత వైద్యం తెచ్చినవాడు. ఆ వైద్యాన్ని వేల్స్ లోయల్లో నడిపినవాళ్ళలో మన దేశం నుంచి వెళ్ళిన డాక్టర్లు ఎంతోమంది. నాటకమంతా షీన్ పైజమా మీదే, చివరి రోజుల్లో హాస్పిటల్ బెడ్ మీద ఉన్న బెవన్‌కి జీవితమంతా కలలా తిరుగుతుంది. తర్వాత 2025లో, నేషనల్ థియేటర్ వేల్స్‌కి నిధులు ఆగి మూతపడ్డాక, వెల్ష్ నేషనల్ థియేటర్ అని కొత్తది మొదలుపెట్టాడు, మొదట్లో ఖర్చు తన జేబులోంచే.

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్ళకి నా మాట ద డ్యామ్డ్ యునైటెడ్, 2009. బ్రయన్ క్లఫ్ అనే ఫుట్‌బాల్ మేనేజర్ 1974లో లీడ్స్ టీమ్‌లో 44 రోజులు మాత్రమే ఉన్న కథ. ఫుట్‌బాల్ తెలియక్కర్లేదు, మా నాన్నకీ తెలియదు, కూర్చుని మొత్తం చూశారు. అందులో ఒక మ్యాచ్ రోజు టెన్షన్ తట్టుకోలేక క్లఫ్ గ్రౌండ్‌కి వెళ్ళడు, డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక్కడే ఉండిపోతాడు, బయట జనం అరుపులు విని గోల్ మనదా వాళ్ళదా అని గోడలకేసి చూస్తుంటాడు. ఒక్క బంతి కూడా చూపించరు. మొత్తం మ్యాచ్ షీన్ మొహం మీదే జరుగుతుంది.