వానకి కట్టుకున్న హాలు

కాలేజీలో ఎన్సీసీ చేసినన్నాళ్లూ మా కవాతంతా ఎండలోనే. బెజవాడ ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 'సావధాన్' అని నిలబెడితే బూట్లలో పాదాలు ఉడికేవి. పక్కవాడు ధబ్బున కూలినా తల తిప్పకూడదు.

అందుకే పోయినేడు మా అమ్మాయి వేల్స్‌లో బ్రెకన్ అనే ఊరు తీసుకెళ్లి, కాన్వే వీధిలో పాత డ్రిల్ హాలు చూపిస్తే నాకు నవ్వొచ్చింది. కవాతుకి కప్పెందుకు? జూలై నెల, నా ఒంటి మీద స్వెట్టర్, పైన ఆగని సన్నవాన. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

1859లో ఫ్రాన్సు దండెత్తొస్తుందన్న భయంతో బ్రిటన్‌లో ఊరూరా వాలంటీర్ దళాలు లేచాయి. వాళ్లలో చాలామంది గుమాస్తాలు, కొట్లలో పనిచేసేవాళ్లు. పగలు ఉద్యోగం, సాయంత్రం కవాతు. చలికాలం సాయంత్రాలు చీకటి, పైగా వాన. అందుకే ఈ హాళ్లు. తుపాకులూ అక్కడే దాచేవాళ్లు. 1908లో ఆ వాలంటీర్లనే టెరిటోరియల్ ఫోర్సు చేశారు. సొంత దేశం కాయడమే వాళ్ల పని. సముద్రం దాటాలంటే వాళ్లంతట వాళ్లు ఒప్పుకోవాలి.

బ్రెకన్ కేంద్రంగా ఉన్న బ్రెక్‌నాక్‌షైర్ బెటాలియన్ ఒప్పుకుంది. మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యాక, 1914 చివర్లో వాళ్లని అరేబియా దక్షిణాన ఉన్న ఏడెన్ రేవుకి పంపారు. మర్నాటి ఏడు జూలైలో, తుర్కుల మీదికని ఎడారిలో లహెజ్ అనే ఊరి దాకా నడిపించారు. నీళ్లు చాల్లేదు. తూటా తగలకుండానే, ఒట్టి వడదెబ్బకి పోయినవాళ్లున్నారు. వానకి జడిసి కప్పు కింద కవాతు నేర్చిన పిల్లలు! ఎన్సీసీ చేసిన నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొన్న సాయంత్రం పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ వైపు నడుస్తూ మా బావకి ఇదంతా చెప్పాను. మిగిలినవాళ్లని ఆగస్టులో మన దేశానికే, మౌ కంటోన్మెంటుకి తెచ్చారనీ, 1919 దాకా అక్కడే ఉంచారనీ అన్నాను.

బావ ఆగాడు. "మౌ అంటే..." అని తలెత్తి 125 అడుగుల విగ్రహం వంక చూశాడు.

"అదే. 1891లో అంబేడ్కర్ గారు పుట్టింది అక్కడే. వాళ్ల నాన్నగారు సైన్యంలో సుబేదారు."

నాలుగడుగులు వేశాక మళ్లీ అడిగాడు. "ఎండకి పోయారన్నావే, అది జూలైలోనా?"

"ఆఁ."

"ఒక్క నెల ముందు మౌకి తెచ్చుంటే వానల్లో తడిసేవాళ్లు కదరా."