సున్నం కొట్టిన ఎద్దు

తొమ్మిదో తరగతిలో సంక్రాంతి సెలవులకు ముందు మా డ్రాయింగ్ మాస్టారు ఒంగోలు గిత్తను గీసుకురమ్మన్నారు. గీత బాగానే వచ్చింది. తెల్ల ఎద్దే కదా అని లోపల రంగు వెయ్యకుండా కాగితాన్ని అట్లానే వదిలేసి, కళ్ళూ గిట్టలూ మాత్రం నల్లగా దిద్ది ఇచ్చాను. ఆయన కాసేపు చూసి, "ఏందమ్మా ఇది, సున్నం కొట్టిన గోడకు కాళ్ళు పెట్టినట్టుందే" అన్నారు. తిట్టలేదు. సెలవుల్లో బండలాగుడు పోటీలకు రమ్మన్నారు.

ఆ రోజు ఏ జత గెలిచిందో గుర్తులేదు. పొద్దున్నే చింతచెట్టు కింద కట్టేసిన కోడె మాత్రం కళ్ళకు కట్టినట్టుంది. మా ఐదుగురినీ దాని ముందు కూర్చోబెట్టి, అరగంట దాకా పెన్సిలు ముట్టుకోనివ్వలేదు. మూపురం మీద బూడిదరంగు, మెడ దగ్గర అది ఇంకా చిక్కన. గంగడోలు మడతల్లో ఎర్రమన్ను ఛాయ. కంటి చుట్టూ కాటుక. "తెలుపు ఎక్కడుందో చూపించు" అన్నారు. వెతగ్గా వెతగ్గా వీపు మీద, ఎండ పడే చోట, బెత్తెడంత దొరికింది.

ఇప్పుడు నేను రెసిన్ అనే చిక్కటి ద్రవంతో బొమ్మలు పోసి రంగులేస్తాను. ముందు బంకమట్టితో బొమ్మ చేసి, దాని మీద సిలికాన్ రబ్బరుతో రెండు ముక్కల అచ్చు తీస్తాను. రెసిన్‌లో హార్డ్‌నర్ కలిపి ఆ అచ్చులో పోస్తే గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు దానంతట అదే వేడెక్కుతుంది. మొదటి గిత్తను రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ఒకే విడత పోశాను. మూపురం నిలువునా చీలింది, గంగడోలు నిండా గాలిబుడగలు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇప్పుడు తెల్లవారుజామునే, కిటికీలన్నీ తెరిచి, ముక్కుకు మాస్కు కట్టుకుని, ఒక మూల నుంచి సన్నటి ధారగా రెండు మూడు విడతల్లో పోస్తాను. గాలి పైకి పోవడానికి కొమ్ముల కొనల దగ్గర బెజ్జాలు పెడతాను.

అతుకు గీతను తడి ఉప్పు కాగితంతో అరగదీశాక ప్రైమర్, అంటే రంగు పట్టడానికి వేసే మొదటి పూత, కొట్టాలి. తెల్ల ప్రైమర్ దొరుకుతుంది, నేను కొనను. ముదురు బూడిదరంగుతో మొదలుపెట్టి, పలచటి పూతలు ఒకదాని మీదొకటి వేసుకుంటూ వీపు దాకా వస్తాను. పన్నెండో పూత దాకా ఎద్దు మబ్బు రంగులోనే ఉంటుంది. పీటకు చీమకుర్తి గెలాక్సీ రాయి రూపం తెస్తాను. నల్లరంగు మీద రాగి రంగు పొడి చిటికెడే చల్లాలి. ఎక్కువైతే రాయి కాస్తా పండగ చమ్కీ అయిపోతుంది.

టాబ్లెట్ మీద బొమ్మలు వెయ్యడం తర్వాత వచ్చింది, పిల్లల పుస్తకాల కోసం. తెర మీద తెలుపంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 255 దగ్గర వెలగడం. అదే బొమ్మ ప్రెస్సుకు వెళితే తెలుపంటే సిరా పడని వట్టి కాగితం. తొమ్మిదో తరగతిలో నేను చేసిందీ అదే! అందుకే కంప్యూటర్‌లో కూడా వట్టి తెలుపు వాడను, కాస్త పసుపు కలుపుతాను.

వాటిలో నాకు ప్రాణమైన బొమ్మ ఓడది. 1868లో బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో మన ఒంగోలు పశువుల జత ఒకటి దిగింది. ఆ దేశంలో ఈ జాతి పేరు 'నెలోర్'. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే, ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. ఈరోజు అక్కడి పశువుల మందల్లో ఎక్కువగా కనిపించేది ఆ జాతే. మా వీధిలో మాత్రం ఒక్క జత కూడా మిగల్లేదు. ఓడ మెట్ల మీద ఆ కోడె వెనక్కి తిరిగి చూస్తున్నట్టు వేశాను. ఆ చూపు కుదరడానికి పదకొండు రోజులు పట్టింది.

పోయినేడు రెసిన్ గిత్తను తీసుకుని మాస్టారింటికి వెళ్ళాను. ఆయనకు చూపు తగ్గింది. వేళ్ళతో గంగడోలు తడిమి, బొమ్మను కిటికీ వైపు తిప్పి, కళ్ళు చికిలించి చాలాసేపు చూశారు.

"మోకాళ్ళ దగ్గర ఇంకొంచెం నలుపు పడాలమ్మా" అన్నారు.

వెనక్కి తెచ్చి, ఇంకో పూత వేశాను.